కదలని కారుకు ఇన్సూరెన్స్ ఆపొచ్చా? ఏది ఆపాలి, ఏది ఉంచాలి

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్... ఈ వైపు ఏ కాలనీలో తిరిగినా కవర్ కప్పిన కారు ఒకటైనా కనిపిస్తుంది. కొడుకు డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు, బండి ఇక్కడ షెడ్డులో ఉంటుంది. రెన్యువల్ మెసేజ్ వచ్చిన రోజు ఫోన్‌లో మాట ఇలా ఉంటుంది: "బాపూ, బండి కదలనే కదలదాయె. ఊకె పైసలెందుకు కట్టుడు? కొన్నాళ్లు ఆపుమని చెప్పరాదు."

అమెరికాలో ఉండేవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజమే. అక్కడ చాలా రాష్ట్రాల్లో బండిని గ్యారేజీలో పెట్టి, రోడ్డు మీద అవసరమయ్యే కవర్ తీసేసి, దొంగతనం, తుపాను లాంటి వాటికి మాత్రం కట్టుకోవచ్చు. అయితే అక్కడా షరతులున్నాయి. న్యూయార్క్‌లో లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసేయాలంటే ముందు నంబర్ ప్లేట్లు అప్పగించాలి. బ్రిటన్‌లో బండిని రోడ్డెక్కించనని ప్రభుత్వానికి తెలియజేస్తే, ఆ కాలానికి ఇన్సూరెన్స్ లేకపోయినా జరిమానా ఉండదు. మన దగ్గర ఇలా ఒక్కచోట చెప్పేస్తే అయిపోయే ఏర్పాటు లేదు. ఉన్నవి నాలుగైదు దారులు. వాటిలో ఒకటి పాత కాలం నాటిది, ఒకటి ఈమధ్య యాప్‌లలో వచ్చింది, ఒకటి ఏమీ చేయకుండా వదిలేయడం.

నా అభిప్రాయం ముందే చెప్తాను. బండి తాళం ఇంట్లో ఎవరి చేతికైనా అందేలా ఉంటే థర్డ్ పార్టీని ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఓన్ డ్యామేజ్ సంగతి బండి ఎక్కడ నిలబడింది, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు) ఎంత ఉంది అన్న రెండు విషయాలు చూసి తేల్చుకోవాలి. చాలామంది ఈ రెండూ చూడకుండా ప్రీమియం ఒక్కటే చూస్తారు.

ఒక పాలసీలో రెండు సరుకులు

మనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అనేదాంట్లో రెండు వేర్వేరు భాగాలున్నాయి. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం. మనిషి చనిపోయినా గాయపడినా, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత కంపెనీ కట్టాలి, ఆస్తి నష్టానికైతే 7.5 లక్షల వరకు. దీని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1500 సీసీ వరకు 3,416, ఆ పైన 7,897 రూపాయలు. వీటి మీద 18 శాతం జీఎస్టీ. ఏ కంపెనీకి పోయినా ఇంతే, బేరం లేదు.

రెండోది ఓన్ డ్యామేజ్, అందరూ ఓడీ అంటారు. మన బండికి జరిగే నష్టం ఇందులో వస్తుంది. యాక్సిడెంట్, దొంగతనం, అగ్గి, వరద, గాలివాన, చెట్టు విరిగి పడటం అన్నీ ఇక్కడే. దీని రేటు కంపెనీని బట్టి మారుతుంది, డిస్కౌంట్లూ ఎన్‌సీబీలూ దీని మీదే.

బండి ఆగితే ఈ రెండింట్లో ఏ ముప్పు ఆగుతుంది? గుద్దుకునే ముప్పు ఆగుతుంది. దొంగ ఆగడు, వాన ఆగదు, షెడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ ఆగదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ లేకుండా బండిని బహిరంగ స్థలంలో వాడకూడదు, వాడనివ్వకూడదు. పట్టుబడితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. 'మరి మా కారు వాడట్లేదు కదా' అంటారు. గేటు లోపల, తాళం వేసిన షెడ్డులో ఉంటే ఆ మాట నిలబడొచ్చు. కానీ మన కాలనీల్లో సగం కార్లు ఉండేది గేటు బయట, గోడకు ఆనించి. ఆ వీధి బహిరంగ స్థలమే. పైగా 'వాడటం' అన్న మాటకు సుప్రీంకోర్టు 1991లోనే చాలా విస్తృతమైన అర్థం ఇచ్చింది. రోడ్డు పక్కన బోల్తాపడి, కదలకుండా ఉన్న పెట్రోల్ ట్యాంకర్ తర్వాత పేలితే, అది కూడా వాహనాన్ని వాడటం వల్ల జరిగిన ప్రమాదమేనని తేల్చింది. అంటే ఇంజిన్ ఆఫ్‌లో ఉంది కాబట్టి బాధ్యత లేదని ధీమాగా ఉండలేం.

నిజంగా కదలదా?

ఏ దారి ఎంచుకోవాలో చూసే ముందు ఇంట్లో ఒకసారి నిజం మాట్లాడుకోవాలి. అమెరికా కొడుకు దృష్టిలో ఆ కారు కదలదు. ఇక్కడ మాత్రం ఆదివారం పొద్దున చిన్నాయన దాన్ని స్టార్ట్ చేసి, 'బ్యాటరీ పోతది' అని కాజీపేట దాకా ఓ చక్కర్ కొట్టిస్తాడు. బతుకమ్మకు ఆడపడుచులు వస్తే స్టేషన్‌కు అదే కారు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, ఇంట్లో కారు ఉండి జాతరకు ఆర్టీసీ బస్సులో పోయేవాళ్లు ఎందరుంటారు? పక్కింట్లో ఎవరికైనా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎంజీఎం ఆసుపత్రికి ఏ బండిలో తీసుకుపోతారు?

ఇవేవీ తప్పు పనులు కావు. నిజానికి నిలబెట్టిన చోటే పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం కంటే కాసేపు నడపడమే బ్యాటరీకీ బ్రేకులకూ టైర్లకూ మంచిది. కానీ ఆ ఒక్క చక్కర్ కొట్టాలంటే థర్డ్ పార్టీ నడుస్తూ ఉండాలి. ఇన్సూరెన్స్ లేని బండి సందులో నుంచి వచ్చిన బైక్‌ను తాకితే, ట్రిబ్యునల్ వేసే పరిహారం యజమాని జేబులోంచే పోతుంది. యజమాని ఎక్కడ ఉన్నాడన్నది లెక్కలోకి రాదు, ఆర్సీ మీద ఎవరి పేరుంటే వాళ్లే. నాలుగు వేలు మిగుల్చుకోబోయి లక్షల కేసు నెత్తిన పెట్టుకున్నట్టు.

ఈ ప్రశ్నకు 'నెలకోసారైనా కదులుతుంది' అన్నది మీ జవాబైతే, కింద చెప్పే లే-అప్ మీకు కాదు.

లే-అప్: అసలైన 'పాజ్' ఇదే, కానీ

మన మోటారు టారిఫ్‌లో, అంటే బండ్ల ఇన్సూరెన్స్ నిబంధనల పుస్తకంలో, బండిని నిలిపి ఉంచే కాలానికి ఎప్పటి నుంచో ఒక ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే మార్పు కాగితం) ఉంది. దాని నంబర్ ఐఎంటీ 11. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నిలిపి ఉంచుతారో ముందే చెప్తే 11ఏ. తేదీ తెలియకపోతే 11బీ, మళ్లీ బండి తీసేటప్పుడు 11సీతో దాన్ని ముగించాలి.

ఇది చేసే పని ఏమిటంటే, ఆ కాలానికి కంపెనీ బాధ్యత మొత్తం ఆగిపోతుంది. ఫుల్ పాలసీ ఉన్నవాళ్లకు మాత్రం అగ్గి, పేలుడు, పిడుగు, దొంగతనం, అల్లర్లు, తుపాను, వరద, భూకంపం వల్ల బండికి జరిగే నష్టం కవర్‌లోనే ఉంటుంది. నిలబడ్డ బండికి వచ్చే ముప్పులు దాదాపు ఇవే కాబట్టి కాగితం మీద ఇది చక్కగా కుదిరిన ఏర్పాటు.

చిక్కులు రెండు. మొదటిది, ఆగిపోయేవాటిలో థర్డ్ పార్టీ కూడా ఉంది. లే-అప్‌లో ఉన్న బండిని మేనల్లుడు పెట్రోల్ బంకు దాకా తీశాడంటే అది ఇన్సూరెన్స్ లేని బండే. రెండోది, మిగిలిన డబ్బు చేతికి రాదు. వచ్చే రెన్యువల్‌లో తగ్గిస్తారు, లేదంటే పాలసీ గడువు పొడిగిస్తారు. ఎన్‌సీబీ మాత్రం దీనివల్ల పోదు, పాలసీ బతికే ఉంటుంది కాబట్టి. వదిలేయడంతో పోలిస్తే ఇదే పెద్ద తేడా.

ఎంత మిగులుతుంది? 1200 సీసీ కారు, థర్డ్ పార్టీ 3,416, ఎన్‌సీబీ పోను ఓడీ 4,500 అనుకుందాం. ఆరు నెలలకు రెండింట్లో సగం అంటే 3,958. అందులోంచి దొంగతనం, అగ్గి, వరదలకు సరిపడా కొంత కంపెనీ పట్టుకుంటుంది. అంటే ఎంత చేసినా నాలుగు వేల లోపే. దీనికోసం బ్రాంచికి పోవాలి, అర్జీ రాయాలి, ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొచ్చే దాకా వెంటపడాలి. పెద్ద ఇంజిన్ ఉన్న ఖరీదైన బండికి, ఓడీ ముప్పై నలభై వేలు కట్టేవాళ్లకు, ఈ తిరుగుడుకు అర్థం ఉంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు అంత ఫాయిదా లేదనే నేనంటాను.

ఇది నిజంగా సరిపోయేది ఒక రకం ఇళ్లకు. తల్లిదండ్రులిద్దరూ కోడలి కాన్పుకనో మనవళ్లను చూడటానికనో ఆరు నెలలకు అమెరికా పోతారు, ఇంటికి తాళం, బండికి తాళం, తాళంచెవి బీరువాలో. తీసేవాళ్లే లేరు. అలాంటప్పుడు అడిగి చూడొచ్చు. అడగాలంటే పాలసీ ఇచ్చిన కంపెనీ బ్రాంచిలోనే అడగండి, హనుమకొండ, వరంగల్‌లలో ప్రభుత్వ రంగ కంపెనీలకు ఆఫీసులున్నాయి. యాప్‌లో ఈ ఆప్షన్ వెతుకుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. మీ కంపెనీ ఇప్పుడు ఇది ఇస్తుందా, ఇస్తే ఏయే ముప్పులు ఉంచుతుంది అన్నది నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి.

యాప్‌లో స్విచ్, కిలోమీటర్ల పాలసీ

2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొత్త రకం యాడ్-ఆన్లకు (పాలసీకి కలిపే అదనపు కవర్లకు) అనుమతి ఇచ్చింది. ఎంత నడిపితే అంత కట్టడం, ఎలా నడిపితే అలా కట్టడం, ఒకే యజమాని బండ్లన్నిటికీ కలిపి ఒక ఫ్లోటర్ పాలసీ. అంతకు ముందే ఎడెల్‌వైజ్ (ఇప్పుడు జునో) ఫోన్‌లో ఆన్, ఆఫ్ చేసే పాలసీని ప్రయోగంగా తెచ్చింది. తర్వాత ప్రభుత్వ రంగంలోని న్యూ ఇండియా అష్యూరెన్స్ కూడా కిలోమీటర్ల లెక్క పాలసీ మొదలుపెట్టింది.

స్విచ్ రకంలో ఆఫ్ చేసినప్పుడు ఆగేది యాక్సిడెంట్ డ్యామేజ్ ఒక్కటే. థర్డ్ పార్టీ ఆగదు, అగ్గి, దొంగతనం ఆగవు. లే-అప్‌కు దీనికి ఉన్న అసలు తేడా ఇది. మేనల్లుడు బండి తీసి ఎవరినైనా గుద్దితే ఎదుటివాళ్లకు కంపెనీయే కడుతుంది, మన బంపర్‌కు మాత్రం పైసా రాదు. ఆపిన కాలంలో వరద కవర్ ఉంటుందా అన్నది మాత్రం ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి. 'అగ్గి, దొంగతనం' అని మాత్రమే రాసి ఉంటే వరద అందులో ఉందని అనుకోవద్దు.

కిలోమీటర్ల రకంలో ఏడాదికి ఇంత నడుపుతామని ఒక శ్లాబు ఎంచుకుంటాం, ఓడోమీటర్ ఫొటో పంపుతాం. శ్లాబు దాటితే టాపప్ కొనాలి, లేకపోతే క్లెయిమ్‌లో కోత పడుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, కారు హనుమకొండలో, నెలకో రెండుసార్లు వచ్చినప్పుడు నడపడం... ఇలాంటివాళ్లకు ఇది బాగా నప్పుతుంది. గుర్తుంచుకోవాల్సింది, డిస్కౌంట్ ఓడీ మీదే. 4,500 ఓడీలో పావు వంతు తగ్గినా మిగిలేది 1,125. చాలామంది యాప్‌లో 'సగం ధర' చూసి మొత్తం బిల్లు సగమవుతుందని అనుకుంటారు.

థర్డ్ పార్టీ మాత్రం ఉంచి ఓడీ తీసేయడం

ఎక్కువమంది చివరికి చేసేది ఇదే. ఏజెంట్‌కు ఫోన్ చేసి 'థర్డ్ పార్టీ ఒక్కటే కట్టు అన్నా' అంటారు. పదేళ్లు దాటిన బండికి, ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) లక్ష చుట్టుపక్కల ఉన్నదానికి ఇది తప్పు కాదు. పూర్తిగా పోయినా వచ్చేది ఆ లక్షే, రిపేరు క్లెయిమ్ అయితే విడిభాగాల అరుగుదల కోతలు వేరు. థర్డ్ పార్టీకి తోడు అగ్గి, దొంగతనం మాత్రమే కలిపి ఇచ్చే పాలసీ కూడా టారిఫ్‌లో ఉంది. యాప్‌లలో కంటే బ్రాంచిలో అడిగితేనే దీని గురించి ఏదో ఒక జవాబు దొరుకుతుంది.

నాలుగైదేళ్ల బండికి ఇదే పని చేస్తే రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి వరద, దాని గురించి కాసేపట్లో. రెండోది ఎన్‌సీబీ.

క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి ఓడీలో 20 శాతం తగ్గింపు వస్తుంది. తర్వాత 25, 35, 45, అయిదో ఏటికి 50. ఓడీ గడువు ముగిసి 90 రోజులు దాటితే ఇది సున్నాకు పడిపోతుంది. థర్డ్ పార్టీ కడుతూనే ఉన్నాం కదా అంటే కుదరదు, ఎన్‌సీబీ బతికేది ఓడీతోనే.

దీని ఖరీదెంతో ఎవరూ కూర్చుని లెక్క వేయరు, కాబట్టి ఇక్కడ వేద్దాం. ఎన్‌సీబీ తీయకముందు ఓడీ 9,000 అనుకోండి, అదే ప్రతి ఏడూ ఉంటుందనుకోండి. 50 శాతం ఎన్‌సీబీ ఉన్నవాళ్లు కట్టేది 4,500. ఒక ఏడాది ఆపితే ఆ 4,500 మిగులుతుంది. మరుసటి ఏడు మళ్లీ మొదలుపెడితే 9,000 కట్టాలి, అంటే 4,500 ఎక్కువ. ఆ తర్వాతి ఏడు 20 శాతమే వస్తుంది, 2,700 ఎక్కువ. తర్వాత 2,250, తర్వాత 1,350, ఆఖర్న 450. మొత్తం 11,250. మిగిలింది 4,500, పోయింది 11,250, రెండింటికీ జీఎస్టీ అదనం.

20 శాతమే ఎన్‌సీబీ ఉన్నవాళ్లకు ఇదే లెక్క వేస్తే తమాషాగా ఉంటుంది. ఏడాది ఆపితే 7,200 మిగులుతుంది. తర్వాత అయిదేళ్లలో ఎక్కువగా కట్టేది కూడా 7,200. అంటే డబ్బు పరంగా సరికి సరి, కాకపోతే ఒక ఏడాది బండి దేవుడి దయ మీద ఉంటుంది. ఎన్‌సీబీ అసలే లేనివాళ్లకు, పోయిన ఏడే క్లెయిమ్ చేసినవాళ్లకు, 9,000 మిగిలి తర్వాత 4,500 పోతుంది. ఆపడం వల్ల నిజంగా లాభపడేది వీళ్లే. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు అంకెలు కొంచెం మారతాయి. పెద్ద ఎన్‌సీబీ ఉన్నవాళ్లు ఆపితే నష్టం, లేనివాళ్లు ఆపితే లాభం అన్నది మాత్రం మారదు.

ఆ 90 రోజులను తెలివిగా వాడుకునేవాళ్లూ ఉన్నారు. ఓడీ గడువు మార్చిలో అయిపోతుంది, రెండు నెలలు ఊళ్లో ఉండరు. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి, తిరిగొచ్చాక మేలో విడిగా ఓడీ తీసుకుంటారు. ఎన్‌సీబీ పోదు, రెండు నెలల ఓడీ మిగులుతుంది. ఎండాకాలంలో ఇది ఫర్వాలేదు. గడువు జూన్, జూలైలో ఉంటే ఈ ఆట ఆడొద్దు. ఇంకో సంగతి, ఓడీకి మధ్యలో ఖాళీ వచ్చిందంటే తిరిగి తీసుకునేటప్పుడు కంపెనీ బండిని చూస్తుంది, ఫోన్‌లో వీడియో తీయమంటుంది. అప్పటికి ఉన్న సొట్టలు, పగుళ్లు కవర్‌లోకి రావు.

వాన లెక్క

2023 జూలై ఆఖరి వారం వరంగల్‌లో ఉన్నవాళ్లకు నిలబెట్టిన కారుకు ముప్పేమిటో చెప్పాల్సిన పనిలేదు. నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు చెరువైంది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో ఉంది. 2020 ఆగస్టులోనూ నగరం మునిగింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపానుకు మళ్లీ మునిగింది. అంటే ఇది వందేళ్లకోసారి వచ్చే ముచ్చట కాదు. అలాంటి రోజుల్లో దెబ్బతినేది నడుస్తున్న కార్లే కాదు. వీధిలో, సెల్లార్‌లో, ఇంటి ముందు నిలబెట్టినవి కూడా. నిలబెట్టినవాటిని ఎవరూ నడపలేదు, అవి ఎవరినీ గుద్దలేదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకు వాటి మీద ఏమీ రాలేదు, ఆ పాలసీ ఉన్నది ఎదుటివాళ్ల కోసం కాబట్టి.

సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో, నాలా పక్క కాలనీలో బండి నిలబెట్టి ఉంటే ఓడీ తీసేయాలన్న ఆలోచన జూన్ నుంచి అక్టోబర్ దాకా పెట్టుకోవద్దు. దాంతో పాటు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉందో లేదో చూడండి. మునిగిన బండిని నీళ్లు తీశాక ఎవరో ఒకరు తొందరపడి తాళం తిప్పుతారు. ఇంజిన్‌లోకి పోయిన నీళ్ల వల్ల కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు ఓడీలో అది 'తర్వాత జరిగిన నష్టం' కింద తీసేస్తారు, వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల అంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి పెట్టండి: మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ తీగ పీకి, ఫొటోలు తీసి, టోయింగ్‌కు ఫోన్ చేయాలి. డోర్ ప్యాడ్ మీద నీటి గీత ఎంత ఎత్తున ఉందో కనబడేలా ఒక ఫొటో, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే దాని చివర అంటుకున్న ఒండ్రు కనబడేలా ఇంకొకటి. సర్వేయర్ వచ్చేలోపు ఇల్లు కడుగుతూ కారునూ కడిగేస్తే ఈ రెండు ఆనవాళ్లూ పోతాయి.

వరద కాకుండా మన వైపు నిలబెట్టిన బండికి ఇంకో ఇద్దరు శత్రువులు, ఎలుకలు, కోతులు. వడ్ల బస్తాలు పెట్టిన షెడ్డులోనే కారూ ఉంటే, గింజల కోసం వచ్చిన ఎలుక బానెట్ కిందికి దూరి వైరింగ్ కొరుకుతుంది. కోతులు వైపర్ రబ్బరు పీకుతాయి, సైడ్ అద్దాల మీద ఊగుతాయి. వీటికి క్లెయిమ్ ఇస్తారా అంటే ఎలుకల విషయంలో కంపెనీని బట్టి, పాలసీ మాటలను బట్టి ఉంటుంది. ఇచ్చినా ప్రతి క్లెయిమ్‌లో 1500 సీసీ వరకు 1,000, ఆ పైన 2,000 మనమే భరించాలి, పైగా ఎన్‌సీబీ సున్నా అవుతుంది. వైపర్‌కూ అద్దానికీ క్లెయిమ్ చేయడం దండగ. వైరింగ్ హార్నెస్ మొత్తం మార్చాల్సి వస్తే అప్పుడు ఆలోచించాలి.

మధ్యలో క్యాన్సిల్ చేసి డబ్బు వెనక్కి తీసుకుంటే?

ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏడాది లోపు పాలసీని కస్టమర్ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజులకు తగ్గ ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. వినడానికి బాగుంది. కానీ థర్డ్ పార్టీ దగ్గరికొచ్చేసరికి, బండికి ఇంకో చోట కనీసం థర్డ్ పార్టీ పాలసీ ఉందని చూపించాలి, లేదా బండే లేదని, అమ్మేశామనో స్క్రాప్ చేశామనో కాగితం ఇవ్వాలి. 'వాడట్లేదు' అన్నది కారణం కింద చెల్లదు. కొత్త కారైతే అసలు ప్రశ్నే లేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఏటా మనం తేల్చుకోవాల్సింది ఓడీ ఒక్కటే. లోన్ తీరకపోతే అదీ మన చేతిలో ఉండదు, బ్యాంకుకు ఫుల్ ఇన్సూరెన్స్ చూపించాల్సిందే.

ట్యాక్సీ, స్కూలు వ్యాను లాంటివి ఉన్నవాళ్లు ఇంకోటి అడుగుతుంటారు. మూడు నెలలకోసారి టాక్స్ కట్టే బండిని నిలిపేస్తే, ముందుగానే రవాణా శాఖకు స్టాపేజీ అర్జీ పెట్టి ఆ టాక్స్ తప్పించుకోవచ్చు. అది టాక్స్‌కు మాత్రమే. ఇన్సూరెన్స్ కంపెనీకి దానితో సంబంధం లేదు, వాళ్లకు విడిగా చెప్పాలి. సొంత కారుకు లైఫ్ టాక్స్ ఎప్పుడో కట్టేశాం కాబట్టి నిలబెట్టినందుకు తిరిగొచ్చేదేమీ లేదు.

మరి మీరేం చేయాలి?

గల్ఫ్‌కు పోయిన అన్న కారు ఊళ్లో తమ్ముడు నడుపుతుంటే, అది వాడని బండి కానే కాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంచండి. యజమాని అనుమతితో, లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. తమ్ముడి లైసెన్సు గడువు చూడటం ఇక్కడ ఎక్కువ ముఖ్యం. తగ్గించుకోవాలంటే యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా దగ్గర కొన్ని వందలు తగ్గుతాయి. అన్నకు వేరే చోట 15 లక్షల ప్రమాద బీమా ఉంటే ఆ మాట రాసిచ్చి దీన్ని మినహాయించుకోవచ్చు.

అమ్మానాన్నలు ఇక్కడే ఉండి, కారు మాత్రం పిల్లలొచ్చినప్పుడే తీసేదైతే, ఫుల్ పాలసీకి కిలోమీటర్ల యాడ్-ఆన్ కలుపుకోండి. బండి అయిదేళ్ల లోపుదైతే ఓడీ తీసేయమని నేను చెప్పను.

ఆరు నెలలకు అందరూ అమెరికా పోతుంటే, పోయే ముందే పాలసీ గడువు చూడండి. అక్కడికి పోయాక ఇక్కడి సిమ్‌కు ఓటీపీ రాక రెన్యువల్ ఆగిపోవడం, వచ్చేసరికి 90 రోజులు దాటిపోవడం ఎక్కువగా జరిగేది ఈ ఇళ్లలోనే. గడువు మధ్యలో పడితే ముందే కట్టేసి పోండి, లే-అప్ సంగతి తర్వాత.

రెండు మూడేళ్లు ఎవరూ రారని ఖాయంగా తెలిస్తే మాత్రం ఏది ఆపాలి అన్న ప్రశ్న వదిలేసి కారు అమ్మేయండి. నిలబడ్డ బండికి టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ పోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, ధర ఎలాగూ పడిపోతుంది. అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ తీసుకుంటే అది మూడేళ్లు చెల్లుతుంది. తిరిగొచ్చి కొనే కొత్త కారు ఓడీలో ఆ 50 శాతాన్ని వాడుకోవచ్చు. కొత్త కారు ఓడీ ఎక్కువ కాబట్టి ఆ తగ్గింపు పాత బండి మీద కంటే అక్కడే బాగా పనికొస్తుంది. అమ్మకం తర్వాత ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసే దాకా నిశ్చింతగా ఉండొద్దు, అది మారేదాకా యాక్సిడెంట్ కేసులో పేరు మీదే వస్తుంది.

లే-అప్ తీసుకున్నవాళ్లకు ఆఖరి మాట. తిరిగి వచ్చిన రోజు శంషాబాద్ నుంచి ఇంటికొచ్చి, సామాన్లు దించి, సాయంత్రం గుడికని కారు బయటికి తీస్తారు. ఎండార్స్‌మెంట్‌లో ముగింపు తేదీ ఏముందో దానికంటే ముందు చూసుకోవాలి. ఆ తేదీ ఇంకా రాకపోతే, లేదా తేదీ లేని 11బీ అయితే, పాలసీ మళ్లీ మొదలైందని కంపెనీ నుంచి కాగితమో మెయిలో వచ్చే దాకా గుడికి ఆటోలో పోండి.